చీటీ మీద వయసు 85

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో తప్పు నాది. పేషెంటు అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్యం సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, ఇరవై ఏళ్ళు దాటింది వార్డుల్లో తిరగడం మొదలుపెట్టి. అంత అనుభవం ఉండి కూడా ఇలా ఎలా చేశావని మా ఇంట్లోనే అడిగారు. అనుభవం ఉండబట్టే చేశానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

సాయంత్రం నాలుగున్నరకి ఒక పెద్దాయన్ని ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. మాసిన గడ్డం, ఒకదానికి ఒకటి తప్పిపోయిన చొక్కా గుండీలు, తడిసిన ప్యాంటు, దగ్గరికి వెళ్తే ముక్కు పక్కకి తిప్పుకోవాల్సిన వాసన. అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతారు, లేకపోతే ఊరికే నవ్వుతారు. రిజిస్ట్రేషన్ దగ్గర వయసెంత అని అడిగితే ఆయన పలకలేదు, వెంట వచ్చిన కుర్రాడికి తెలియదు. వయసు గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకి కదలదు కాబట్టి కౌంటర్‌లో ఉన్నతను ఒకసారి తలెత్తి చూసి 85 అని కొట్టాడు. చీటీ బయటికొచ్చింది. అంతే, ఆ క్షణం నుంచి ఆయన వయసు 85. ట్రాలీ తోసేవాళ్ళ దగ్గర్నుంచి నర్సుల దాకా అందరూ "తాతా, ఇటు తిరుగు", "తాతా, చెయ్యి చాపు". నేను కూడా తాతా అనే పిలిచాను.

నేను ఆయన దగ్గర గడిపింది ఆరు నిమిషాలు. షుగర్ 118, బీపీ పరవాలేదు, జ్వరం లేదు, పంపిన రక్త పరీక్షల్లో సోడియం కాస్త అటూఇటూగా 134 వచ్చింది, అది ఈ స్థితికి కారణం అయ్యేంత తక్కువ కాదు. ఇది ఏ నెల అని అడిగాను. "ఎంత వెలో నాకేం తెలుసు, నేను కొనలేదు" అన్నారు. పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. నేను సున్నా మార్కు వేసుకున్నాను. తెచ్చిన కుర్రాడి వైపు చూసి "ఎన్నాళ్ళుగా ఇలా?" అన్నాను కానీ, జవాబు కోసం ఆగానా అంటే ఆగలేదు. ఆ కుర్రాడికి జుట్టు సగం రంగు, చెవికి పోగు, తల ఫోన్‌లో. ఇతనేం చెబుతాడులే అనుకున్నాను. అనుకున్నానని అప్పుడు నాకు తెలియను కూడా తెలియదు, తర్వాత కూర్చుని ఆలోచించినప్పుడు తెలిసింది.

కేస్ షీట్‌లో నేను రాసింది ఇది: డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు), చాలాకాలంగా ఉన్నట్టుంది, ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు, సెలైన్ పెట్టండి, ఉదయం సోషల్ వర్కర్‌కి చెప్పండి. "చాలాకాలంగా" అన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు. గడ్డం చెప్పింది, వాసన చెప్పింది, చీటీ మీది 85 చెప్పింది.

ఇక్కడ రెండో మనిషి గురించి చెప్పాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ చూడ్డానికి కాలేజీలో అప్పుడే చేరిన పిల్లలా ఉంటుంది. పేషెంట్ల బంధువులు ఆమెను నర్సింగ్ స్టూడెంట్ అనుకోవడం రోజూ జరిగేదే, ఆమె కూడా దిద్దడం మానేసింది. ఎనిమిదింటికి వార్డులో పని తగ్గాక ఆమె ఆ రంగు జుట్టు కుర్రాడి పక్కన బెంచీ మీద కూర్చుంది. అతను అప్పటిదాకా ఇంటికి వెళ్ళలేదు, ఎవరూ ఉండమని చెప్పలేదు, ఎవరూ వెళ్ళమనీ చెప్పలేదు. "నెల కిందట ఈయన పొద్దున లేచి ఏం చేసేవారు?" అని అడిగింది. ఈ కేసు మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

కుర్రాడు ఆ ఇంట్లోనే కింది వాటాలో ఉంటాడు. చెప్పడం మొదలుపెడితే ఆగలేదట. పెద్దాయన ప్రూఫ్ రీడర్, నెల కిందటి దాకా పుస్తకాల ప్రూఫులు దిద్దుతూ సొంత సంపాదన మీదే బతికారు, వంట ఆయనదే, లెక్కలు ఆయనవే. ఐదు వారాల కిందట కిందికి వంగి ఏదో తీస్తూ లేచేటప్పుడు అలమర తలుపు అంచు తలకి కొట్టుకుంది, రక్తం రాలేదు, బొప్పి కట్టింది, ఐసు తెచ్చి పెట్టింది ఈ కుర్రాడే. ఆ తర్వాత రెండు వారాలు మామూలుగానే ఉన్నారు. తర్వాత కాగితాలు బల్ల మీద పేరుకుపోవడం మొదలైంది. పగలు నిద్ర, తలనొప్పి. ఒకరోజు బాగుంటారు, మర్నాడు చొక్కా తిరగేసి తొడుక్కుంటారు. గుండెకి స్టెంట్ వేయించుకున్నారు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వేసుకుంటారు. చెవికి మిషన్ ఉంది, రెండు వారాలుగా బ్యాటరీ మార్చుకోలేదు, అది ఇంట్లోనే ఉండిపోయింది.

అంటే నెల అని నేనంటే ఆయనకి వెల అని వినిపించింది. వినిపించినదానికి సరైన జవాబే చెప్పారు.

రాత్రి తొమ్మిదింటికి ఆమె నాకు ఫోన్ చేసింది. "సార్, ఇది మూడు వారాల్లో వచ్చిన మార్పు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాపమంటే కుడి చెయ్యి మెల్లగా కిందికి జారుతోంది. సీటీ తీయిద్దామా?" నేను భోజనం దగ్గర ఉన్నాను. నా జవాబు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఎనభై ఐదేళ్ళ మెదడుకి సీటీ తీస్తే ఏం కనిపిస్తుందమ్మా, కుదించుకుపోయి ఉంటుంది. పొద్దున చూద్దాంలే." ఆ "అమ్మా" లో ఆప్యాయత కంటే నువ్వు చిన్నదానివి అన్న మాటే ఎక్కువుంది. అదే సంగతి నా వయసు డాక్టర్ ఒకరు ఫోన్ చేసి చెప్పి ఉంటే నేను "సరే తీయండి" అనేవాడినా? అనేవాడినే. దీని చుట్టూ ఎంత తిరిగినా ఆ జవాబు మారడం లేదు.

ఆమె వాదించలేదు. నన్ను అడక్కుండానే గంటకోసారి ఆయన మెలకువ ఎలా ఉందో, కంటి పాపలు ఎలా ఉన్నాయో రాయమని నర్సులకి చెప్పి పెట్టింది. ఆ రాత్రి ఆయనకి ఏమీ కాకపోవడం అదృష్టం. అయి ఉంటే ఆ రాతల వల్లే తెలిసేది, నా వల్ల కాదు.

మర్నాడు పదింటికి రౌండ్స్‌కి వెళ్ళాను. ఆరింటికి లేపినా లేవలేదట, నేను వెళ్ళేసరికి కళ్ళు తెరిచి ఎదురుగా గోడ వైపు వేలు చూపిస్తున్నారు. ఏం కావాలి తాతా అన్నాను. ఆయన విసుగ్గా "ఒత్తు లేదు" అన్నారు. ముందు నాకు అర్థం కాలేదు. గోడ మీద చేతులు కడుక్కోమని చెప్పే పోస్టర్ ఉంది, అందులో శుభ్రత అన్నచోట "శుబ్రత" అని అచ్చయింది. ఎన్నాళ్ళుగానో అక్కడే ఉంది, నేను రోజూ దాని ముందు నుంచే వెళ్తాను. అరగంట తర్వాత మళ్ళీ మంపుగా కళ్ళు మూసేశారు.

ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే మతిమరుపు జబ్బు ఇలా గంటగంటకీ ఎక్కి దిగదు. (ఎక్కి దిగేది ఒక రకం ఉంది, దాని సంగతి వేరు.) ఉన్నట్టుండి మొదలై పూటకో తీరుగా ఉంటే అది డెలీరియం, అంటే మెదడుకి ఇప్పుడే ఏదో జరుగుతోందని అర్థం. దీన్ని పట్టుకోవడానికి షారన్ ఇనౌయే, ఆమె సహచరులు 1990లో ఇచ్చిన పద్ధతి ఉంది, మంచం దగ్గరే చేయొచ్చు, ఐదు నిమిషాల పని. మొదట రెండు చూడాలి: మార్పు హఠాత్తుగా వచ్చి ఎక్కువ తక్కువ అవుతోందా అన్నది ఒకటి, ధ్యాస నిలవడం లేదా అన్నది రెండోది. ఇవి రెండూ ఉండి, ఆలోచన అస్తవ్యస్తంగా ఉన్నా మెలకువలో తేడా ఉన్నా డెలీరియంగా లెక్క. నేను దీన్ని ఏటా జూనియర్లకి పాఠం చెబుతాను. ఈయనకి చేయలేదు. ఎందుకంటే నా దృష్టిలో ప్రశ్నే మిగల్లేదు, జవాబు ముందే దొరికిపోయింది.

అప్పుడు హౌస్ సర్జన్ మంచం కింద నుంచి ఆయన చెప్పులు తీసి పక్కపక్కన పెట్టింది. ఎడమది బాగానే ఉంది. కుడి చెప్పు ముందు భాగం నేలకి రాసుకుని రాసుకుని అరిగిపోయింది. కొన్ని వారాలుగా ఆ కాలు ఈడుస్తూ నడుస్తున్నారన్నమాట. అది చూశాక నేను మొదటిసారి ఆయన గడ్డం వైపు సరిగ్గా చూశాను. అది పెంచిన గడ్డం కాదు, వదిలేసినదీ కాదు. అక్కడక్కడా గీసి, మధ్యలో వదిలేసి, దవడ కింద రెండు మూడు గాట్లు పడి ఉంది. కుడి చెయ్యి మాట వినక, అలవాటు లేని ఎడమ చేత్తో గీసుకోబోయి ఆపేసిన గడ్డం. తప్పిన గుండీలూ అంతే. తడిసిన ప్యాంటుకి కారణం శుభ్రత తెలియకపోవడం కాదు, మెదడు మీద ఒత్తిడికి మూత్రం మీద అదుపు పోతుంది. ముందురోజు సాయంత్రం ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను వీటిని లక్షణాలుగా చూడలేదు, ఆయన స్వభావం అనుకున్నాను.

సీటీ పదకొండున్నరకి తీశారు. ఆస్పత్రికి వచ్చిన 19 గంటలకి. ఎడమవైపు పుర్రెకీ మెదడుకీ మధ్య నెలవంక ఆకారంలో పాత రక్తం, మందం 22 మిల్లీమీటర్లు, మెదడు మధ్యగీత 9 మిల్లీమీటర్లు కుడివైపుకి జరిగింది. క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు దీన్ని. వయసుతో మెదడు కొంత కుదించుకుపోతుంది, దాంతో పుర్రె లోపలి పొరకీ మెదడుకీ మధ్య ఉండే సన్నటి సిరలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే తెగుతాయి, రక్తం వారాల పాటు కొద్దికొద్దిగా చేరుతుంది, ఆస్పిరిన్ లాంటి మందులు వాడేవాళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. తల తగిలిన సంగతి చాలామంది మర్చిపోతారు కూడా, అంత చిన్న దెబ్బ. కుదించుకుపోయిన మెదడుకి స్కాన్ ఎందుకు అన్నాను కదా నేను? ఆ కుదించుకుపోవడం వల్లే స్కాన్ కావాలి.

మధ్యాహ్నానికి ఆయన కొడుకు వేరే ఊరి నుంచి వచ్చాడు. పరిస్థితి వివరించడానికి హౌస్ సర్జన్ వెళ్తే "పాపా, పెద్ద డాక్టర్ గారిని పిలుస్తావా" అన్నాడు. పెద్ద డాక్టర్ని నేనే. మీ నాన్నగారి జబ్బు కనిపెట్టింది ఈమె, నేను కాదు అని చెబితే అతను మర్యాద కోసం అంటున్నాననుకుని నవ్వాడు. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

న్యూరోసర్జన్ ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. మత్తు మొత్తం ఇవ్వక్కర్లేదు, తిమ్మిరి ఇంజెక్షన్‌తోనే పుర్రెకి రెండు రంధ్రాలు పెట్టి కడిగేశారు, పాత ఇంజన్ ఆయిల్ రంగులో ద్రవం వచ్చింది. మర్నాడు పొద్దున ఆయన మొదట అడిగింది కళ్ళజోడు. మూడో రోజుకి కుర్రాడు చెవి మిషన్ కొత్త బ్యాటరీ వేసి తెచ్చాడు, ఆ రోజు నుంచి మాట్లాడ్డం మొదలైంది. ఎవరో "తాతా" అని పిలిస్తే, "నేనింకా ఎవరికీ తాతని కాలేదు, మావాడికి పెళ్ళే కాలేదు" అన్నారు. వయసు 69. హౌస్ సర్జన్ కుట్లు చూడ్డానికి వస్తే మాత్రం "ఏం చదువుతున్నావమ్మాయ్?" అని అడిగారు. మనిషి కోలుకున్నాడనడానికి అదీ ఒక గుర్తే అనుకుని అందరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నా పొరపాటు సంగతి. జానిన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడోరొవ్ 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ముఖాన్ని సెకనులో పదో వంతు చూపించినా జనం ఆ మనిషి నమ్మదగినవాడా, సమర్థుడా అని తేల్చేస్తారు, ఎక్కువ సేపు చూపిస్తే ఆ తీర్పు పెద్దగా మారదు, దాని మీద వాళ్ళ నమ్మకం మాత్రం పెరుగుతుంది. ఆ చివరి ముక్కే నాకు గుచ్చుకుంది. నేను ఆరు నిమిషాలు చూశాను కాబట్టి పరీక్షగా చూశాననుకున్నాను. మొదటి క్షణంలో పుట్టిన అభిప్రాయాన్ని ఆ ఆరు నిమిషాలూ గట్టిపరిచాను, అంతే.

వయసు అంకె చేసిన పనీ తక్కువది కాదు. 65 దాటాక డిమెన్షియా ఉండే అవకాశం సుమారు ఐదేళ్ళకోసారి రెట్టింపవుతూ పోతుందని చదువుకున్నాం. 69కీ 85కీ మధ్య అలాంటి రెట్టింపులు మూడు, అంటే దాదాపు ఎనిమిది రెట్లు. కౌంటర్‌లో ఒక మనిషి కంటిచూపుతో వేసిన అంకె నా లెక్కలో రుజువై కూర్చుంది. అలాగని తప్పంతా ఆ అంకె మీదకి నెట్టడానికి లేదు. ఆయన నిజంగా 85 ఏళ్ళవారే అయినా ఆ సీటీ ఆ రాత్రే తీయాల్సింది. వయసు చూసి మనిషిని తక్కువ చేయడానికి రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1969లోనే "ఏజిజం" అని పేరు పెట్టాడు. నేను రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో అన్నమాట అచ్చంగా అదే, అదీ ఒకే వాక్యంలో ఇద్దరి మీద, ఒకరు ముసలివారని, ఒకరు చిన్నపిల్ల అని.

ఇలాంటప్పుడు రూపం చూడకుండా ఉంటే సరి అంటారు. అమెరికాలో ఆర్కెస్ట్రాలు 1970, 80 దశకాల్లో వాయించేవాళ్ళని తెర వెనక కూర్చోబెట్టి ఎంపిక చేసే పద్ధతికి మారాయి, చెప్పుల చప్పుడుని బట్టి ఆడో మగో తెలిసిపోతుందని కొన్నిచోట్ల నేల మీద తివాచీ కూడా పరిచారు. అక్కడ అది సరైనదే. నా పనిలో అది కుదరదు, నాకు ఆ చెప్పులే కావాలి. వైద్యుడు మనిషి రూపాన్ని ఇంకా ఎక్కువ చూడాలి, చెప్పుల అరుగుదల దాకా, గడ్డం గాట్ల దాకా. నేను చేసిన తప్పు రూపాన్ని చూడడం కాదు, చూడడం త్వరగా ఆపేయడం.

మా వార్డులో తర్వాత ఏం మార్చామంటే, మొదట నేను ఉత్సాహంగా ఒక పేజీ ఫారం తయారు చేశాను, పద్నాలుగు గడులు. రెండు వారాల్లో అందరూ పేషెంటుని చూడకుండానే టిక్కులు పెట్టేయడం మొదలుపెట్టారు, నేను కూడా. చించేశాం. మిగిలింది ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే, "నెల కిందట ఈయన ఏం చేసేవారు?" దాని జవాబు రాయకుండా అరవై దాటినవాళ్ళ కేస్ షీట్‌లో డిమెన్షియా అన్న మాట రాయకూడదు, జవాబు ఎవరి నుంచి వచ్చిందో కూడా రాయాలి. ప్రశ్నలడిగే ముందు చెవులు వినిపిస్తున్నాయో లేదో చూస్తాం. హౌస్ సర్జన్ స్కాన్ అడిగితే, వద్దు అనేవాళ్ళే కారణం తమ చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఈ చివరిది మా సీనియర్లలో ఇద్దరికి ఇప్పటికీ నచ్చలేదు, పనికిరాని స్కాన్లు పెరుగుతాయన్నారు. కొన్ని పెరిగాయి, అది నిజమే.

దీని తర్వాత నేను మారిపోయానని చెబితే అబద్ధం. నాలుగు నెలలకి ఒక పెద్దావిడ వచ్చారు. ఇస్త్రీ చేసిన బట్టలు, చక్కగా దువ్వుకున్న జుట్టు, నవ్వుతూ పలకరింపు, నా ఆరోగ్యం కూడా అడిగారు. ఆవిడ కూతురు "అమ్మకి మతిమరుపు ఎక్కువైంది సార్" అంటే, ఈవిడకేంటి, భేషుగ్గా ఉన్నారు అన్నాను. కూతురు వదల్లేదు, పరీక్ష చేయమని పట్టుబట్టింది. మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడిగితే ఒక్కటీ గుర్తులేదు, గడియారం బొమ్మ వేయలేకపోయారు. అల్జీమర్స్‌లో మర్యాదలూ పలకరింపులూ చాలాకాలం చెక్కుచెదరకుండా ఉంటాయి, అదీ నేను పాఠం చెప్పే విషయమే. మాసిన గడ్డాన్ని నమ్మకూడదని నేర్చుకున్నాను, ఇస్త్రీ బట్టల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ నమ్మేశాను.

ఆపరేషన్ అయిన ఆరు వారాలకి ఆ ప్రూఫ్ రీడర్ పెద్దాయన చెకప్‌కి వచ్చారు. నున్నగా గీసిన గడ్డం, చంకలో ప్రూఫుల కట్ట, వెంట ఆ కుర్రాడు, ఈసారి జుట్టుకి ఇంకో రంగు. క్యూలో ఉంటే నేను గుర్తుపట్టలేదు. స్కాన్‌లో పల్చటి పొర మిగిలింది, మెదడు మధ్యగీత దాని చోటికి వచ్చింది, చేతిలో బలం సమానం. ఆస్పిరిన్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది గుండె డాక్టరూ న్యూరోసర్జనూ మాట్లాడుకుని చెబుతామన్నారు. ఈ జబ్బు కొందరిలో తిరగబెడుతుంది కాబట్టి మూడు నెలలకి ఇంకో స్కాన్ రాశాను. ప్రింటు తీస్తే చీటీ మీద వయసు 85 అనే వచ్చింది. ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కిన వయసు మార్చాలంటే పుట్టిన తేదీ రుజువు జతచేసి దరఖాస్తు పెట్టాలట, పెట్టాం, ఇంకా మారలేదు. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ 85ని కొట్టేసి, పక్కన మార్జిన్‌లో ప్రూఫ్ రీడర్లు పెట్టే గుర్తు పెట్టి, 69 అని రాసి నా చేతికిచ్చారు.